పేరా జరిగితే తెగేవి

1966 వేసవి చివర, అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జాన్ మెక్‌ఫీ అనే రచయిత తన ఇంటి వెనక చెట్టు కింద వేసిన బల్ల మీద పడుకుని, పైనున్న కొమ్మల్నీ ఆకుల్నీ చూస్తూ దాదాపు రెండు వారాలు గడిపారు. న్యూజెర్సీలోని పైన్ బారెన్స్ అనే అడవి ప్రాంతం గురించి ‘న్యూయార్కర్’ పత్రికకు ఆయన ఒక పెద్ద వ్యాసం రాయాలి. నెలల తరబడి తిరిగి పోగుచేసిన సమాచారమంతా చేతిలో ఉంది. అక్కడి మనుషులు, కార్చిచ్చులు, ఇసుక నేల కింది నీళ్ళు, ఎప్పుడో చల్లారిన ఇనుప కొలుములు, వెలిసి మాసిపోయిన ఊళ్ళు. వాక్యాలు రాయడం ఆయనకు కొత్త కాదు. ఏది ముందు రావాలో, దేని కింద ఏది చేరాలో మాత్రం తెలియలేదు. ఆఖరికి, ఆ అడవిలో కాపురముంటున్న ఫ్రెడ్ బ్రౌన్ అనే 79 ఏళ్ళ పెద్దాయనతో మొదలుపెడితే మిగతా సంగతులన్నీ ఆయన వెంట ఒకటొకటిగా వస్తాయని తట్టింది. అప్పుడు బల్ల దిగి రాయడానికి కూర్చున్నారు.

పొడవాటి రచన చేసిన ప్రతివాళ్ళకూ ఈ అవస్థ తెలుసు. సిద్ధాంత గ్రంథం రాసే పరిశోధకులు, సొంత ఊరి చరిత్ర రాసే విశ్రాంత ఉపాధ్యాయులు, ప్రాజెక్టు నివేదిక తయారుచేసే ఇంజినీర్లు, కోర్టుకు వంద పేజీల వాదన సమర్పించే న్యాయవాదులు, వీళ్ళందరిదీ ఒకటే కష్టం. రెండు పేజీల ఉత్తరంలో కనిపించని ఆ కష్టం ముప్పై పేజీలు దాటగానే ఎదురవుతుంది. దాని మూలం మన మనసు పనిచేసే తీరులో ఉంది. దానికి తగిన పనిముట్టు ఇవాళ ఉచితంగా దొరికే మామూలు టెక్స్ట్ ఎడిటర్లలో ఉంది. అయినా మనలో చాలామంది ఆ పనిముట్టును కేవలం టైపు చేయడానికే వాడుతున్నారు. నాకు బాధ కలిగించే సంగతి ఇదే.

మనసు ఒక్కసారి ఎన్ని సంగతుల్ని పట్టుకోగలదు? 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏడు అన్నారు, అటూ ఇటూ రెండు. 2001లో నెల్సన్ కోవన్ అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను తిరగేసి, లోలోపల వల్లె వేసుకోవడం వంటి ఉపాయాలను పక్కన పెడితే ఆ సంఖ్య నాలుగు దగ్గరే ఆగుతుందని చూపించారు. ముప్పై పేజీల వ్యాసంలో వంద పేరాలుంటే, ఒక క్షణంలో మనసులో మెదిలేవి నాలుగు. తెర మీద కనిపించేవీ అన్నే. మిగతా తొంభై ఆరూ ఎక్కడో పైనా కిందా ఉంటాయి. వాటిలో ఏది దేనికి ఆధారమో గుర్తుంచుకుంటూ, కొత్త వాక్యం కూడా కూర్చాలంటే మనసు మీద పడే బరువు తక్కువది కాదు.

ఆ బరువును కొలిచినవాళ్ళున్నారు. 1988లో రొనాల్డ్ కెలాగ్ కళాశాల విద్యార్థుల చేత వ్యాపార లేఖలు రాయించి చూశారు. కొందరిని ముందుగా అవుట్‌లైన్ వేసుకోమన్నారు, కొందరిని నేరుగా మొదలుపెట్టమన్నారు. మొదటి ప్రతిని చిత్తుగా రాయమని కొందరికి, మొదటి నుంచీ తీర్చిదిద్దుతూ రాయమని కొందరికి చెప్పారు. చిత్తుగా రాసినా చెక్కుతూ రాసినా చివరికి వచ్చిన లేఖ నాణ్యతలో తేడా రాలేదు. అవుట్‌లైన్ వేసుకున్నవాళ్ళ లేఖలు మాత్రం మెరుగ్గా వచ్చాయి. ‘తరవాత ఏం చెప్పాలి’ అన్న ఆలోచన ముందే తీరిపోవడంతో మనసు వాక్యానికి పూర్తిగా దక్కింది.

క్రిస్టీనా హాస్ పరిశోధన మరో వైపు నుంచి ఇదే చెబుతుంది. 1980ల చివర ఆమె కాగితం మీద రాసేవాళ్ళనూ కంప్యూటర్లో రాసేవాళ్ళనూ పోల్చారు. కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ళు మొదలుపెట్టే ముందు ఆలోచించడం తగ్గింది. ఆలోచించినా, మొత్తం అమరిక గురించి కాక ఎదుట ఉన్న వాక్యం గురించే ఎక్కువగా ఆలోచించారు. తమ రచన మొత్తంగా ఎలా ఉందో తెర మీద అందడం లేదని రచయితలు చెప్పేవారు. ప్రింటు తీసుకుని బల్ల మీద పరుచుకుంటే గానీ వాళ్ళకు ఊపిరి ఆడేది కాదు. తెర దిద్దుబాటును తేలిక చేసింది, మొత్తాన్ని మాత్రం దాచేసింది. ఈ రెండోదానికి విరుగుడు కనిపెట్టినవాళ్ళ కథ అంతకు చాలా ముందే మొదలైంది.

సరుకుల జాబితా

డగ్లస్ ఎంగెల్‌బార్ట్ పేరు చెప్పగానే అందరూ మౌస్ అంటారు. మౌస్ ఆయన పనిలో చిన్న భాగం. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండగా 1962లో ఆయన మనిషి బుద్ధిశక్తిని పెంచే మార్గాల గురించి ఒక నివేదిక రాశారు. పాత చిత్తుప్రతుల్లోని ముక్కల్ని ఇట్టే అటూ ఇటూ మార్చుకుంటూ కొత్త ప్రతి కూర్చగల రాత యంత్రాన్ని అందులో ఊహించారు. అలాంటి యంత్రం చేతిలో ఉంటే మనిషి రాసే పద్ధతే కాదు, ఆలోచించే పద్ధతీ మారుతుందని ఆయన వాదన. దాన్ని నిరూపించడానికి తిరగేసి చూశారు. పెన్సిలుకు ఇటుక కట్టి రాస్తే ఎంతసేపు పడుతుందో కొలిచి చూపించారు. రాయడమే అంత బరువైతే మన పుస్తకాలూ, చదువులూ, శాస్త్రాలూ ఇవాళ్టి రూపంలో ఉండేవా అని అడిగారు. నాకు తెలిసినంతలో రాత పనిముట్ల గురించి ఎవరూ ఇంతకన్నా మంచి ప్రశ్న వేయలేదు.

1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన కంప్యూటర్ సదస్సులో, సుమారు వెయ్యి మంది ఎదుట, ఎంగెల్‌బార్ట్ తమ బృందం తయారుచేసిన ఎన్‌ఎల్‌ఎస్ అనే వ్యవస్థను గంటన్నర పాటు చూపించారు. ఆయన ఎంచుకున్న ఉదాహరణ చాలా మామూలుది. ఇంటికి కొనాల్సిన సరుకుల జాబితా. ముందు తోచిన వరసలో టైపు చేశారు. తరవాత వాటిని వర్గాలుగా విడదీసి, ఒక్కో వర్గం పేరు కింద దాని సరుకుల్ని చేర్చారు. ఆపైన వర్గాల పేర్లు మాత్రమే కనిపించేలా మిగతాదంతా మూసేశారు, మళ్ళీ తెరిచారు. ఆ వ్యవస్థలో రాసిన ప్రతి అంశానికీ 1, 1ఎ, 1ఎ1 ఇలా ఒక స్థానం ఉండేది. పైస్థాయి అంశాలే చూపమని గానీ, ప్రతి అంశంలో మొదటి వరస మాత్రమే చూపమని గానీ యంత్రాన్ని అడగవచ్చు. ఒక అంశాన్ని జరిపితే, చెట్టు కొమ్మతో పాటు దాని రెమ్మలూ కదిలినట్టు, దాని కింద ఉన్నవన్నీ దానితో పాటే జరిగేవి.

మడతపెట్టడం, విప్పడం, కింది అంశాలతో సహా జరపడం. ఈ మూడే ఈ విద్యకు మూలం. 1983లో డేవ్ వైనర్ సంస్థ యాపిల్-2 కోసం తెచ్చిన థింక్‌ట్యాంక్, 1986లో మాకింతోష్‌కు వచ్చిన మోర్ వంటి ప్రోగ్రాములు వీటినే చిన్న కంప్యూటర్లకు తెచ్చాయి. వాటి చరిత్ర వేరే వ్యాసానికి తగినంత ఉంది.

మెక్‌ఫీ మాత్రం కంప్యూటర్ కొనేదాకా కత్తెర పట్టుకునే పనిచేశారు. టైపు చేసిన నోట్సును అంశాలవారీగా ముక్కలు కత్తిరించి, ఏ అంశం ముక్కల్ని ఆ కవరులో వేసేవారు. ఒక్కో అంశానికి ఒక కార్డు రాసి, కార్డుల్ని చెక్క మీద పరిచి వరస మార్చి మార్చి చూసుకునేవారు. 1984లో ఆయన కంప్యూటర్ కొన్నప్పుడు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసే హోవర్డ్ స్ట్రాస్ ఒక తెలివైన పని చేశారు. మీ పద్ధతి మార్చుకోండి అనలేదు. మీరు ఎలా పనిచేస్తారో చెప్పండి అని అడిగి, కెడిట్ అనే టెక్స్ట్ ఎడిటర్లో సరిగ్గా ఆ కత్తెర పనినే చేసే ప్రోగ్రాము రాసిచ్చారు. నోట్సులో మెక్‌ఫీ పెట్టుకున్న గుర్తుల్ని బట్టి అది ఏ అంశం ముక్కల్ని ఆ ఫైల్లోకి విడదీసేది. రాసే మనిషి అలవాటును గౌరవించిన సాఫ్ట్‌వేర్ కనుకే ఆయన దాన్ని దశాబ్దాల పాటు వదల్లేదు.

చెట్టు ఫైల్లో ఎక్కడుంటుంది?

టెక్స్ట్ ఫైలంటే కంప్యూటర్ దృష్టిలో మొదటి నుంచి చివరిదాకా ఒకే అక్షరాల వరస. అందులో అధ్యాయాలు లేవు, కొమ్మలూ లేవు. మరి ఎడిటర్‌కు ఆకారం ఎలా తెలుస్తుంది? మనం పెట్టే చిన్న గుర్తుల వల్ల. 2004లో జాన్ గ్రూబర్ ప్రకటించిన మార్క్‌డౌన్ పద్ధతిలో వరస మొదట ఒక # ఉంటే అది పెద్ద శీర్షిక, ## ఉంటే దాని కింది ఉపశీర్షిక. ఈమ్యాక్స్ ఎడిటర్లో నక్షత్రం గుర్తు ఇదే పని చేస్తుంది. ఒక శీర్షిక పరిధి ఎక్కడిదాకా అంటే, అంతే స్థాయి గానీ అంతకు పై స్థాయి గానీ ఉన్న మరో శీర్షిక వచ్చేదాకా. ఈ ఒక్క నియమంతో ఎడిటర్ మొత్తం చెట్టును చదివేస్తుంది. విడిగా దాచాల్సింది ఏమీ లేదు. ఫైలును ఏ కంప్యూటర్లో తెరిచినా, ఇరవై ఏళ్ళ తరవాత తెరిచినా, ఆకారం అక్షరాల్లోనే ఉంటుంది.

ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో గ్రహాలు పుట్టే ధూళి వలయాల మీద పరిశోధన చేసే ఖగోళ శాస్త్రవేత్త కార్స్టన్ డొమినిక్, తన నోట్సునూ పనుల్నీ చక్కబెట్టుకోవడానికి 2003లో ఈమ్యాక్స్ కోసం ఆర్గ్ మోడ్ తయారుచేశారు. అందులో ఒక శీర్షిక మీద కర్సర్ పెట్టి ట్యాబ్ నొక్కితే దాని కిందిదంతా మూసుకుపోతుంది. మళ్ళీ నొక్కితే ఉపశీర్షికలు మాత్రం కనిపిస్తాయి, ఇంకోసారి నొక్కితే అంతా విప్పుకుంటుంది. ఆల్ట్‌తో పాటు పై బాణం నొక్కితే ఆ భాగం, దాని కింది భాగాలతో సహా, పైకి జరుగుతుంది. ఇరవై పేజీల అధ్యాయమైనా ఒక్క నొక్కుతో పోతుంది. విమ్ ఎడిటర్లో మడతలు 2001 నుంచి ఉన్నాయి. విఎస్ కోడ్‌లో పక్కన అవుట్‌లైన్ పలక తెరుచుకుంటుంది. వర్డ్ వాడేవాళ్ళకు 2010 నుంచి నావిగేషన్ పలకలో శీర్షికను పట్టి లాగితే దాని కింది భాగమంతా వెంట వస్తుంది. లిబ్రెఆఫీస్‌లోనూ ఇలాంటి సౌకర్యమే ఉంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. వర్డ్‌లో అక్షరాల్ని లావు చేసి, సైజు పెంచి రాసింది మనిషి కంటికి శీర్షిక. యంత్రానికి అది లావు అక్షరాల పేరా మాత్రమే. హెడింగ్ స్టైల్ పెడితేనే అది చెట్టులో కొమ్మ అవుతుంది. మన విశ్వవిద్యాలయాల్లో రాసే ఎన్నో సిద్ధాంత గ్రంథాల్లో శీర్షికలన్నీ ఇలా లావు చేసినవే. విషయసూచిక చేత్తో టైపు చేసినదే. మూడో అధ్యాయాన్ని ఐదోది చేయమని పర్యవేక్షకులు సూచిస్తే ఆ విద్యార్థికి ఎన్ని రాత్రులు నిద్ర ఉండదో! పది నిమిషాల్లో నేర్పగల విషయం ఇది. పరిశోధనలో చేరిన తొలి వారంలోనే నేర్పాలి.

తెలుగులో రాసేవాళ్ళకు ఇంకో రెండు సంగతులున్నాయి. యూనికోడ్‌కు ముందటి డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగు, ఫైలు లోపల తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చినది. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థం లేని గుర్తులు. అలాంటి ఫైల్లో ఎడిటర్ తెలుగు మాటను వెతకలేదు, శీర్షికల జాబితా చదవగలిగేలా చూపలేదు. కాబట్టి ఈ విద్యకు తొలి మెట్టు యూనికోడ్ తెలుగు. రెండోది చిన్నదే. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద రాసేవాళ్ళు # గుర్తు కోసం ఇంగ్లీషు కీబోర్డుకు మారాల్సి వస్తుంది. రాస్తూ రాస్తూ మధ్యలో మారడం చికాకు. శీర్షికలన్నీ ముందే వేసుకుని, తరవాత వాటి కింద నింపుకుంటే ఆ చికాకు సగం తగ్గుతుంది. అవుట్‌లైన్ ముందు వేసుకోవడానికి అదొక అదనపు కారణం.

కదలకుండా జరిగేది

ఐదు వందల పేజీల ఫైల్లో ఒక అధ్యాయాన్ని ముందుకు తెస్తే, కంప్యూటర్ లక్షల అక్షరాల్ని ఒక్కొక్కటిగా జరుపుతుందా? దీనికి ఎడిటర్లను తయారుచేసినవాళ్ళు చెప్పిన జవాబులు చాలా అందంగా ఉంటాయి.

ఈమ్యాక్స్ వాడే పద్ధతిలో అక్షరాల వరస మధ్య కొంత ఖాళీ ఉంటుంది, మనం ఎక్కడ దిద్దుతుంటే అక్కడ. బస్సు వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు తలా కాస్త జరిగి, కొత్తగా ఎక్కినవాళ్ళకు కావలసిన చోట సందు చేసినట్టు, దిద్దే చోటు మారినప్పుడల్లా ఆ ఖాళీ అక్కడికి జరుగుతుంది. అక్కడ ఎన్ని అక్షరాలు టైపు చేసినా మిగతావాటిని కదపనక్కర్లేదు. దగ్గర దగ్గర దిద్దుబాట్లకు ఇది చాలా వేగం.

దూరాలు జరిపే పనికి మరింత చక్కని పద్ధతి ‘పీస్ టేబుల్’. 1970ల నడుమ జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధనశాలలో తయారైన బ్రావో ఎడిటర్ దీన్ని వాడింది. ఇందులో మూల పాఠాన్ని ఎప్పటికీ ముట్టుకోరు. కొత్తగా టైపు చేసినదంతా విడిగా ఒక చోట, వచ్చిన వరసలో చేరుతూ పోతుంది. మనం తెర మీద చూసే పాఠం ఒక చిన్న పట్టిక నుంచి పుడుతుంది: మూల పాఠంలో 1 నుంచి 4,000 దాకా, ఆపైన కొత్తదానిలో 1 నుంచి 60 దాకా, మళ్ళీ మూలంలో 4,001 నుంచి చివరిదాకా, ఇలా. అధ్యాయాన్ని జరపడమంటే ఈ పట్టికలో ఒకటి రెండు వరసల స్థానం మార్చడమే. అక్షరాలు ఉన్నచోటే ఉంటాయి. పాతది చెరిగిపోదు కనుక, చేసిన పనిని వెనక్కి తీసుకోవడమూ తేలిక. బ్రావో మీద పనిచేసిన చార్లెస్ సిమొన్యీ తరవాత మైక్రోసాఫ్ట్‌కు వెళ్ళి వర్డ్ నిర్మాణానికి సారథ్యం వహించారు, ఈ పద్ధతి ఆయన వెంటే వెళ్ళింది. 2018లో విఎస్ కోడ్ కూడా పెద్ద ఫైళ్ళ కోసం పీస్ టేబుల్‌ను చెట్టు రూపంలో అమర్చిన పద్ధతికి మారింది.

అదే పరిశోధనశాలలో లారీ టెస్లర్, టిమ్ మాట్ కలిసి జిప్సీ అనే ఎడిటర్ రూపొందించారు. పాఠ్యపుస్తకాలు వేసే గిన్ ప్రచురణ సంస్థ సంపాదకులు వాడుకోవడానికి. ఆ సంపాదకులు కత్తెర, జిగురు పెట్టుకుని ప్రతుల్ని దిద్దేవారు. కట్, పేస్ట్ అనే ఆజ్ఞలు తెర మీద ఇప్పటి రూపానికి వచ్చింది ఆ పని నుంచే.

జరపగలగడం, జరపాలని తెలియడం

యంత్రానికి ఇంత తేలికైన పని మనిషి ఎందుకు చేయడు? 1980లో నాన్సీ సొమర్స్ ఇరవై మంది విద్యార్థుల్నీ, ఇరవై మంది చేయి తిరిగిన రచయితల్నీ తీసుకుని, ఒక్కొక్కరి చేత మూడేసి వ్యాసాలు రాయించి, ప్రతి వ్యాసాన్నీ రెండేసి సార్లు తిరగరాయించారు. విద్యార్థులకు తిరగరాయడమంటే మాటలు మార్చడం. ఒక పదం రెండుసార్లు వచ్చిందా, ఇంకా మంచి పదం ఉందా అని చూశారు. అనుభవజ్ఞులు ముందుగా తమ వాదనకు ఆకారం ఏమిటని వెతికారు. పేరాలు తీసేశారు, చేర్చారు, స్థానం మార్చారు. మాటల సంగతి ఆ తరవాతే. నా అనుభవమూ ఇదే చెబుతుంది. దిద్దడానికి వచ్చే వ్యాసాల్లో బాగా చెక్కిన వాక్యాలు తప్పు చోట కూర్చుని ఉండడం తరచుగా చూస్తాను. వాక్యం ఎంత బాగుంటే దాన్ని కదపడానికి రచయితకు అంత మనసొప్పదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ధవళేశ్వరం ఆనకట్ట మీద ముప్పై పేజీల వ్యాసం. కాలం వరసలో రాస్తే 1833 గుంటూరు కరువుతో మొదలై, ఆర్థర్ కాటన్ రాక, 1847లో పని మొదలవడం, 1852లో పూర్తవడం, కాలువలు, పంట, అలా నడుస్తుంది. చదవడానికి సాఫీగా ఉంటుంది. అయితే కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న సంగతులు మూడు నాలుగు చోట్ల చెదిరిపోతాయి, పాఠకుడికి ఆయన ఒక మనిషిగా నిలబడడు. అంశాల వరసలో రాస్తే నది, రాయి, కూలీలు, డబ్బు, పంట అని విడివిడిగా వస్తాయి. వీరన్న నిలబడతాడు గానీ, ఏడాది తరవాత ఏడాది ఆ నదితో జరిగిన పోరాటంలోని ఉత్కంఠ పోతుంది. ఒకే పేరాలకు రెండు చెట్లు. రెంటిలో ఏది మంచిదో వాదించి తేల్చలేం, కట్టి చూడాల్సిందే. ఫైలుకు ఒక నకలు తీసి, మడతపెట్టి, పావుగంటలో రెండో అమరిక చూసుకోవచ్చు. కత్తెరతో ఇది ఒక రోజు పని. ఎంగెల్‌బార్ట్ ఇటుక చెప్పింది ఇదే. అమరికను ప్రయత్నించి చూడడం బరువైతే మనం మొదటి అమరికకే అంటిపెట్టుకుంటాం.

శీర్షికలు లేకుండా ఏకధాటిగా రాసేసిన ప్రతి ఉంటే, అవుట్‌లైన్ పనిని తిరగేసి చేయాలి. ప్రతి పేరా చదివి, అది చెప్పేది ఒక్క వరసలో రాసి, దాన్నే ఉపశీర్షికగా పేరా పైన పెట్టాలి. అన్నీ మడతపెట్టి ఆ వరసల్ని మాత్రమే చదవాలి. ఒకే మాట చెప్పే రెండు పేరాలు అక్కడ బయటపడతాయి. ఒక వరసలో పట్టని పేరా అంటే అందులో రెండు పేరాలున్నాయని. ఏ వరసా రాయలేకపోతే ఆ పేరా ఏమీ చెప్పడం లేదు. తుది ప్రతిలో ఆ ఉపశీర్షికలు తీసేయవచ్చు.

కీళ్ళు

జరిపాక అసలు పని మొదలవుతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి పాణినిని మించిన గురువు లేడు. అష్టాధ్యాయిలో ఎనిమిది అధ్యాయాలు, ఒక్కో దానిలో నాలుగు పాదాలు, మొత్తం సుమారు నాలుగు వేల సూత్రాలు. అంత క్లుప్తత ఎలా సాధ్యమైందంటే, ఒక సూత్రంలో చెప్పిన మాటను తరవాతి సూత్రాల్లో మళ్ళీ చెప్పరు. అది దానంతటదే కిందికి ప్రవహిస్తుంది. దీన్నే అనువృత్తి అంటారు. బడిలో మనం చదువుకున్న యణాదేశ సంధి (అతి, అంత కలిసి అత్యంత కావడం) ఆరో అధ్యాయం మొదటి పాదంలో 77వ సూత్రం. ‘అచ్చు పరమైనప్పుడు’ అనే షరతు అందులో ఉంది. 78వ సూత్రం ఏ, ఓ వంటివి అయ్, అవ్ అయ్యే సంగతి చెబుతుంది; నయనం, పవనం అనే మాటలు ఏర్పడేది దాని వల్లే. ఆ షరతు 78లో లేదు. పైనుంచి వస్తుంది. 78ని తీసి ఇంకో చోట పెడితే అక్షరం మారకుండానే అర్థం మారిపోతుంది. కొన్ని సూత్రాలు ‘అధికారం’ చేస్తాయి, అంటే తమ కింద వచ్చే పెద్ద సమూహం మొత్తాన్ని పాలిస్తాయి. మన శీర్షికలు చేసే పని అదే.

మన వచనంలోనూ అనువృత్తి ఉంది, రాసిన నియమాలు లేకుండా. ‘అయితే’తో మొదలైన పేరాకు పైన ఒక వాదన ఉండాలి. ‘అందువల్ల’కు పైన కారణం ఉండాలి. ‘పైన చెప్పినట్టు’ అన్నది జరిపాక కింద చెప్పబోయేది అవుతుంది. ఒక సంస్థను మొదటిసారి పూర్తి పేరుతో చెప్పి, తరవాత పొట్టి పేరు వాడతాం. వరస మారితే పొట్టి పేరు ముందు వస్తుంది. ఇవన్నీ పైకి కనిపించే కీళ్ళు. ఎడిటర్లో వెతికి పట్టుకోవచ్చు. కెడిట్‌లో ‘ఆల్’ అనే ఆజ్ఞ ఇస్తే ఒక మాట ఉన్న వరసలన్నీ మాత్రమే కనిపించి మిగతావి దాగిపోయేవి. ఇవాళ్టి ఎడిటర్లలోనూ అలాంటి వెతుకులాట ఉంది. ‘పైన’, ‘ఇంతకుముందు’, ‘మళ్ళీ’, ‘కూడా’, ‘ఇదే’ అని ఒక్కొక్కటే వేసి చూస్తే జరిపినందువల్ల తెగిన చోట్లు చాలావరకు దొరుకుతాయి.

ఇంకో సహాయం ఉంది. 1974లోనే బ్రయాన్ కెర్నిగన్ యూనిక్స్ వాడేవాళ్ళకు ఒక సలహా ఇచ్చారు. టైపు చేసేటప్పుడు ప్రతి వాక్యాన్నీ కొత్త వరసలో మొదలుపెట్టమని. ముద్రించేటప్పుడు ఎలాగూ యంత్రం వాటిని పేరాగా కలుపుతుంది; మార్క్‌డౌన్‌లోనూ అంతే. వరసకో వాక్యం ఉంటే, వాక్యాన్ని జరపడం వరసను జరపడమే అవుతుంది. రెండు ప్రతుల్ని పోల్చి చూపే గిట్ వంటి పనిముట్లు వరసల లెక్కనే పోలుస్తాయి. 2017 నుంచి గిట్ కేవలం చోటు మారిన వరసల్ని వేరే రంగులో చూపగలదు. కొత్తగా రాసింది ఏది, ఊరికే జరిగింది ఏది అని విడిగా తెలుస్తుంది. జరిగిన భాగం మొదటి వాక్యాన్నీ, అది ఖాళీ చేసి వెళ్ళిన చోట తరవాతి వాక్యాన్నీ తప్పకుండా చదవాలి. మూడో చోటు కూడా ఉంది, చాలామంది మరిచిపోయేది. భాగం వచ్చి చేరిన చోట, దాని కిందికి తోయబడిన పాత పేరా మొదలు.

ఇక వెతికినా దొరకని కీలు ఒకటి తెలుగులో ఉంది. మనం కర్తను వదిలేస్తాం. ‘రాజమండ్రి చేరి నది వెడల్పు కొలిపించారు’ అంటే చాలు, ఎవరన్నది పై పేరా చెబుతుంది, క్రియ చివర ‘రు’ గౌరవం చెబుతుంది. ఇది మన భాష సొగసు. కాని ఉదాహరణకు నేను కూర్చిన ఈ వాక్యం కాటన్ పేరా కింద ఉంటే కాటన్ పని, వీరన్న పేరా కిందికి జరిపితే వీరన్న పని. రెండు చోట్లా వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది, చదవడానికి సాఫీగానే ఉంటుంది. చరిత్ర మాత్రం తప్పవుతుంది. ఇంగ్లీషులో కనీసం ‘హి’ అని ఒక మాట మిగులుతుంది, ఎవరా అని అనుమానించడానికి. మనకు అనుమానించడానికి అక్కడ ఏ మాటా ఉండదు. ఏ సాఫ్ట్‌వేర్ వెతుకులాటా లేని మాటను చూపలేదు.

దీనికి నేను నమ్మిన మార్గం, జరిపిన భాగాన్ని ఒంటరిగా చదవడం. ఈమ్యాక్స్‌లో ఒక భాగం మాత్రమే తెర మీద ఉంచి మిగతా ఫైలును పూర్తిగా కనుమరుగు చేసే ఆజ్ఞ ఉంది. అది లేని ఎడిటర్లో ఆ భాగాన్ని ఖాళీ ఫైల్లోకి తీసుకెళ్ళి చదవవచ్చు. పైన ఏముందో కళ్ళకు కనిపించకూడదు. మొదటి క్రియ దగ్గర ఆగి, ఈ పని ఎవరు చేశారని అడగాలి. జవాబు ఆ భాగంలోనే దొరికితే ముందుకు పోవచ్చు. దొరక్కపోతే అక్కడ పేరు రాయాలి.